మన చేతికి తగిన మాలెట్ పట్టర్: ఎంచుకోవడం ఎలా?

గోల్ఫ్‌లో రెండు వందల మీటర్లు ఎగిరే దెబ్బకీ ఒకటే లెక్క, జానెడు దూరం దొర్లే దెబ్బకీ ఒకటే లెక్క. స్కోరు కార్డు మీద రెండూ ఒక్కొక్క స్ట్రోకే. 18 గుంతల మైదానంలో పార్ 72 అనుకుంటే, అందులో గుంతకు రెండు చొప్పున 36 స్ట్రోకులు గ్రీన్ మీద బంతిని దొర్లించడానికే కేటాయించి ఉంటాయి. అంటే సగం ఆట! ఆ సగం ఆటను ఆడేది ఒకే ఒక్క కర్రతో. దాని పేరు పట్టర్.

2021 ఆగస్టులో జరిగిన టోక్యో ఒలింపిక్స్ మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. బెంగళూరుకు చెందిన అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచింది. ఆమెకూ పతకానికీ మధ్య ఉన్నది ఒకే ఒక్క స్ట్రోకు. అదే పోటీలో మన ఢిల్లీకి దగ్గరలోని హర్యానా అమ్మాయి దీక్షా డాగర్ కూడా ఆడింది. ఆమెకు వినికిడి లోపం ఉంది, ఎడమచేతి వాటం. నాన్నగారు సైన్యంలో కల్నల్. ఆయనే ఆమెకు ఆట నేర్పారు, పోటీల్లో సంచి మోసి సలహాలు ఇచ్చారు. 2019లో దీక్ష 18 ఏళ్ళ వయసులోనే సౌతాఫ్రికా మహిళల ఓపెన్ గెలిచింది. బదిలీల ఇంట్లో పెరిగిన పిల్లలు ఈ ఆటలో ఎంతదూరం వెళ్ళగలరో ఆమెను చూస్తే తెలుస్తుంది.

మనలో కొందరికి గోల్ఫ్ పరిచయమయ్యేది కూడా బదిలీల వల్లే. విశాఖపట్నంలో ఉన్నప్పుడు ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బునో, హైదరాబాదులో ఉన్నప్పుడు గోల్కొండ కోట పక్కన నయా ఖిలాలోని మైదానాన్నో చూసి ఉంటాం. ఢిల్లీకి వస్తే ఇక్కడ ధౌలా కువాఁలో సైన్యం వారి మైదానం ఉంది. లాడో సరాయ్‌లో ఢిల్లీ అభివృద్ధి సంస్థ నడిపే కుతుబ్ గోల్ఫ్ కోర్స్ ఉంది. సభ్యత్వం లేనివారు కూడా రుసుము కట్టి ఆడుకోగలిగే మైదానం అది. మైదానం దొరికాక వచ్చే మొదటి ప్రశ్న: ఏ పట్టర్ కొనాలి? ఈ మధ్య టీవీలో ఎవరి చేతిలో చూసినా వెడల్పాటి తలకాయ ఉన్న మాలెట్ పట్టరే కనిపిస్తోంది. కాబట్టి మనకూ అదే కావాలనిపిస్తుంది. కొత్తది కొనాలంటే వేల రూపాయల మాట. అమ్మానాన్నల చేత అంత ఖర్చు పెట్టించే ముందు మనం తెలుసుకోవలసిన పాఠం ఇది. పేరును చూసి కాదు, మన చేతి ఊపును చూసి పట్టర్ ఎంచుకోవాలి. ఆ ఊపు ఎలాంటిదో ఇంట్లోనే కొలుచుకోవచ్చు.

1. బ్లేడ్, మాలెట్: తేడా ఏమిటి?

పట్టర్‌కు మూడు భాగాలు: చేత్తో పట్టుకునే గ్రిప్, పొడుగాటి షాఫ్ట్, బంతిని తాకే తల. తలలో బంతిని తాకే చదునైన భాగాన్ని ముఖం అంటారు. మన పాదాల వైపున్న చివర మడమ, దూరంగా ఉన్న చివర కొన.

తల సన్నగా, కత్తిలా ఉంటే అది బ్లేడ్. ముఖం వెనుక లోహం వెడల్పుగా, అర్ధచంద్రాకారంగానో చతురస్రంగానో సాగి ఉంటే అది మాలెట్. మాలెట్ అంటే వడ్రంగి ఉలి మీద కొట్టే చెక్క సుత్తి, మన తెలుగులో కొడతి. తల లావుగా ఉంటుంది కాబట్టి ఆ పేరు.

మాలెట్ కొత్త వస్తువేమీ కాదు. అమెరికాలో స్కెనెక్టడీ అనే ఊళ్ళో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేసే ఆర్థర్ నైట్ అనే ఆయన 1900 తరువాతి తొలి సంవత్సరాల్లోనే ఇలాంటి పట్టర్ తయారుచేశాడు. షాఫ్ట్‌ను మడమ దగ్గర కాకుండా తల మధ్యకు దగ్గరగా బిగించాడు. 1904లో వాల్టర్ ట్రావిస్ అనే అమెరికా ఆటగాడు ఆ పట్టర్‌తోనే బ్రిటిష్ అమెచ్యూర్ పోటీ గెలిచాడు. అమెరికా నుంచి వచ్చి ఆ పోటీ గెలిచిన మొదటివాడు ఆయనే. 1910లో సెయింట్ ఆండ్రూస్‌లోని నియమకర్తలు ఆ తరహా మాలెట్ పట్టర్లను నిషేధించారు. అమెరికాలో మాత్రం అవి వాడుకలోనే ఉన్నాయి. 1951లో రెండు దేశాల సంస్థలూ కూర్చుని ఉమ్మడిగా నియమాలు రాసుకున్నాక ఆ నిషేధం పోయింది.

ఇప్పటి నియమాల ప్రకారం పట్టర్ తల మడమ నుంచి కొన వరకు 177.8 మిల్లీమీటర్లు దాటకూడదు. ముఖం నుంచి వెనక్కి ఉండే కొలత మడమ నుంచి కొనకు ఉండే కొలత కంటే తక్కువగానే ఉండాలి. మాలెట్ ఎంత పెద్దగా కనిపించినా ఈ హద్దుల్లోనే తయారవుతుంది.

2. మాలెట్ మనకు చేసే మేలు: కావడి పాఠం

కావడి మోసే మనిషిని ఊహించుకుందాం. భుజం మీద బద్ద, రెండు చివర్లా రెండు నీళ్ళ బిందెలు. ఇరుకు సందులో అతను చటుక్కున పక్కకు తిరగలేడు. అవే రెండు బిందెలను ఛాతీకి హత్తుకుని మోస్తే సులువుగా తిరగగలడు. బరువు అంతే, మనిషి అతనే. మారిందల్లా బరువు మధ్య నుంచి ఎంత దూరంలో ఉన్నదన్నదే. బరువు దూరంగా ఉన్నకొద్దీ వస్తువు తిరగడానికి మొండికేస్తుంది. ఆ మొండితనానికి భౌతికశాస్త్రంలో పేరు జడత్వ భ్రామకం. పదకొండో తరగతిలో దీని గురించి వివరంగా చదువుకుంటాం.

లెక్క సులభమే. ద్రవ్యరాశిని దూరం వర్గంతో గుణించాలి. 100 గ్రాముల బరువులు రెండింటిని మధ్య నుంచి చెరో 2 సెంటీమీటర్ల దూరంలో పెడితే, 100 × 4 + 100 × 4 = 800. అవే బరువులను 5 సెంటీమీటర్ల దూరంలో పెడితే, 100 × 25 + 100 × 25 = 5000. దూరం రెండున్నర రెట్లే పెరిగింది, మొండితనం మాత్రం ఆరు రెట్లకు పైగా పెరిగింది.

పట్టర్‌కు దీనితో ఏం పని? బంతి బరువు సుమారు 46 గ్రాములు. అది ముఖం నడిమధ్య తగిలితే ఇబ్బంది లేదు. కొన వైపుకో మడమ వైపుకో జరిగి తగిలితే, బంతి తాకిడికి తల కొద్దిగా తిరుగుతుంది. దాంతో రెండు నష్టాలు. ముఖం చూపు పక్కకు పోతుంది. దెబ్బలో కొంత శక్తి తల తిరగడానికే ఖర్చయి బంతి గుంత దాకా చేరదు. మాలెట్ తలలో బరువును వెనుక మూలలకూ పక్కలకూ పంచుతారు. కావడిలోని బిందెల్లాగన్నమాట. అందువల్ల దెబ్బ మధ్యలో తగలకపోయినా తల తక్కువగా తిరుగుతుంది, బంతి దూరం అంతగా తగ్గదు.

ఈ సూత్రాన్ని పట్టర్లలో బాగా ప్రచారంలోకి తెచ్చిన వ్యక్తి కార్‌స్టన్ సోల్‌హైమ్. ఆయన కూడా జనరల్ ఎలక్ట్రిక్‌లోనే ఇంజనీరు. 1959లో తన ఇంటి గ్యారేజీలో ఒక పట్టర్ చేశాడు. బరువును మడమకూ కొనకూ సర్ది, మధ్యభాగాన్ని తేలిక చేశాడు. బంతి తగిలినప్పుడు ‘పింగ్’ అని మోగేది. ఆయన సంస్థకు ఆ పేరే నిలిచిపోయింది.

కానీ ఒక మాట గుర్తుంచుకోవాలి. బంతి తాకినప్పుడు తల తిరగకుండా మాలెట్ ఆపుతుంది. మన చేతులే ముఖాన్ని పక్కకు తిప్పి కొడితే మాత్రం ఏ మాలెట్టూ కాపాడదు. అందుకే మన ఊపు సంగతి తెలుసుకోవాలి.

3. ఒక్క డిగ్రీ ఖరీదు

గుంత వ్యాసం 108 మిల్లీమీటర్లు. అంటే నడిమధ్య నుంచి అంచు వరకు 54 మిల్లీమీటర్లు. బంతి నెమ్మదిగా వెళ్తున్నప్పుడు దాని మధ్యభాగం గుంత అంచు లోపలికి వస్తే పడిపోతుందనుకుందాం. నేల చదునుగా ఉంటే, బంతి బయలుదేరిన దిశ ఎంత తప్పినా ఫరవాలేదో త్రికోణమితితో లెక్కకట్టవచ్చు.

1.5 మీటర్ల దూరం నుంచి: ఇటూ అటూ సుమారు 2 డిగ్రీలు.
3 మీటర్ల దూరం నుంచి: సుమారు 1 డిగ్రీ.
6 మీటర్ల దూరం నుంచి: సుమారు అర డిగ్రీ.

గడియారంలో నిమిషాల ముల్లు ఒక్క నిమిషంలో 6 డిగ్రీలు తిరుగుతుంది. పది సెకన్లలో ఒక డిగ్రీ. అంత చిన్న తేడా మూడు మీటర్ల దూరంలో ఒక స్ట్రోకు పోగొట్టగలదు. బంతి వేగంగా వెళ్తే ఈ వెసులుబాటు ఇంకా తగ్గుతుంది. అంచు తాకి బయటికి దూకేస్తుంది.

బంతి ఏ దిశలో బయలుదేరుతుందన్నది ఎక్కువగా దేని మీద ఆధారపడుతుంది? తల ఏ దారిన వచ్చిందన్న దానికంటే, తాకే క్షణంలో ముఖం ఎటు చూస్తున్నదన్న దాని మీదే. క్యారమ్స్‌లో స్ట్రైకర్ వేలికి ఎదురుగా పోయినట్టు, ఇక్కడ బంతి ముఖం చూసిన వైపే పోతుంది. కాబట్టి పట్టర్ ఎంపికలో అసలు ప్రశ్న ఇది: తాకే క్షణంలో ముఖాన్ని సరైన దిశలో ఉంచడానికి నా చేతికి ఏ పట్టర్ తోడ్పడుతుంది?

4. మన ఊపు ఏ రకం?

పట్టర్‌ను వెనక్కి తీసి ముందుకు ఊపే తీరును రెండు రకాలుగా చెబుతారు. మొదటిది సూటి ఊపు: తల దాదాపు గీత మీదే వెనక్కి వెళ్ళి, గీత మీదే ముందుకు వస్తుంది. ముఖం దాదాపుగా తిరగదు. రెండోది వంపు ఊపు: తల వెనక్కి వెళ్ళేటప్పుడు మన వైపుకు కొద్దిగా వంగి, బంతి దగ్గర గీతకు చేరి, ముందుకు పోయాక మళ్ళీ మన వైపుకు వంగుతుంది. ఇందులో ముఖం తలుపులా కొద్దిగా తెరుచుకుని మూసుకుంటుంది.

పట్టర్ షాఫ్ట్ నిట్టనిలువుగా ఉండకూడదని, కనీసం 10 డిగ్రీలు వాలి ఉండాలని నియమం. వాలిన కర్రను ఊపితే కొద్దిపాటి వంపు రావడం సహజం. కాబట్టి వంపు తప్పు కాదు. అది ఎంత ఉన్నదో తెలియడమే ముఖ్యం.

కొలిచే పద్ధతి: నేల మీద జంపఖానా బిగుతుగా పరచండి. కింది క్వార్టర్ వాళ్ళు శబ్దానికి తలుపు తట్టకుండా ఉంటారు, నేలా గీతలు పడదు. దాని మీద చీపురు కర్రో, పొడుగాటి స్కేలో సూటిగా పెట్టండి. దాని పక్కనే, మీవైపు, బంతి లేకుండా పట్టర్‌ను పది సార్లు ఊపండి. చెల్లినో అన్నయ్యనో గీతకు సరిగ్గా వెనుక కూర్చోబెట్టి ఫోనులో వీడియో తీయించండి. తరువాత నెమ్మదిగా నడిపి చూడండి. తల కర్రకు సమాంతరంగానే ఉందా? కొంచెం దూరం జరిగిందా? బాగా దూరం జరిగిందా? మూడింటిలో ఒక జవాబు రాసుకోండి. కెమెరా చూస్తోందని ఊపు మార్చకూడదు. అందుకే మొదటి మూడు ఊపులు వదిలేసి మిగతావి చూడండి.

5. పట్టర్ స్వభావం ఏమిటి?

ఇప్పుడు పట్టర్‌ను పరీక్షిద్దాం. ఇది దుకాణంలో కూడా అర నిమిషంలో చేయవచ్చు. షాఫ్ట్‌ను అడ్డంగా చూపుడు వేలి మీద నిలబెట్టండి. తల దగ్గరగా ఎక్కడ పెడితే పట్టర్ నిలుస్తుందో అక్కడ ఆపండి. తల తనంతట తాను ఎటు తిరుగుతుందో చూడండి.

ముఖం ఆకాశం వైపు చూస్తూ నిలిస్తే, దాన్ని సమతూకపు పట్టర్ అందాం. కొన నేల వైపుకు వేలాడితే, కొన బరువు పట్టర్ అందాం. కొందరి పట్టర్లలో కొన కొద్దిగానే వాలుతుంది, కొన్నిటిలో దాదాపు నిట్టనిలువుగా దిగిపోతుంది.

దీనికి కారణం గురుత్వ కేంద్రం. షాఫ్ట్ గీత గురుత్వ కేంద్రం మీదుగా పోతే ఇరువైపులా బరువు సమానం. ముఖం పైకి చూస్తుంది. షాఫ్ట్ మడమ దగ్గర ఉంటే, గురుత్వ కేంద్రం కొన వైపు మిగిలిపోతుంది. కొన కిందికి దిగుతుంది. ఇంటి తలుపుకు బందులు ఒక అంచున ఉంటాయి కాబట్టే అది తేలిగ్గా తెరుచుకుంటుంది. మడమ దగ్గర షాఫ్ట్ ఉన్న పట్టర్ కూడా అలాగే తెరుచుకుని మూసుకోవడానికి సిద్ధంగా ఉంటుంది.

ఇక్కడే చాలామంది పొరపడతారు. మాలెట్‌లన్నీ సమతూకపువని అనుకుంటారు. నిజానికి మాలెట్‌లలో రెండు రకాలూ ఉన్నాయి. షాఫ్ట్ దగ్గర రెండు వంపులున్న మాలెట్ సాధారణంగా సమతూకంగా ఉంటుంది. పొట్టి మెడతో మడమ వైపు బిగించిన మాలెట్‌లో కొన వాలుతుంది. పెట్టె మీద ఏం రాసి ఉన్నా, వేలి పరీక్ష చేశాకే నమ్మాలి.

6. జత కుదర్చడం

సూటి ఊపు ఉన్నవారు సమతూకపు మాలెట్‌తో మొదలుపెట్టాలి. ముఖాన్ని తిప్పని చేతికి, తిరగాలని తొందరపడని పట్టర్ సరిపోతుంది.

కొద్దిపాటి వంపు ఉన్నవారు కొన కొద్దిగా వాలే మాలెట్‌ను చూడాలి. మాలెట్ ఇచ్చే నిలకడ దొరుకుతుంది, చేతి సహజమైన తిప్పుడుకూ అడ్డు రాదు.

వంపు బాగా ఉన్నవారు కొన ఎక్కువగా వాలే మాలెట్‌నో, బ్లేడ్‌నో పరీక్షించాలి. టైగర్ వుడ్స్ తన 15 మేజర్ విజయాల్లో 14 ఒకే బ్లేడ్ తరహా పట్టర్‌తోనే సాధించాడు. మాలెట్ లేకపోతే ఆట రాదన్న మాట నిజం కాదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

మరోవైపు స్కాటీ షెఫ్లర్‌ను చూద్దాం. ప్రపంచంలో మొదటి స్థానంలో ఉండి కూడా పట్టింగ్‌లో ఇబ్బంది పడ్డాడు. 2024 మార్చిలో బ్లేడ్ వదిలి మాలెట్ చేతపట్టి ఆర్నాల్డ్ పామర్ ఇన్విటేషనల్ గెలిచాడు. తరువాతి వారమే ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్ కూడా గెలిచాడు. ఇద్దరిలో ఎవరు సరి? ఇద్దరూ సరే. ఎవరి చేతికి తగింది వారు పట్టుకున్నారు.

పైన చెప్పిన జతలు మొదటి అంచనా మాత్రమే. ఈ సూత్రానికి ఎదురుగా ఆడి గెలిచిన వారూ ఉన్నారు. కాబట్టి అంచనాను పరీక్షకు పెట్టాలి.

7. ద్వారం పరీక్ష

బంతి పెట్టిన చోటు నుంచి సరిగ్గా 1 మీటరు దూరంలో రెండు అగ్గిపెట్టెలు నిలబెట్టండి. వాటి మధ్య ఖాళీని ఇలా మార్చుకోవచ్చు. బంతి వ్యాసం సుమారు 42.7 మిల్లీమీటర్లు కాబట్టి:

ఖాళీ 12 సెంటీమీటర్లయితే, అది దాదాపు 1.5 మీటర్ల పట్‌తో సమానమైన పరీక్ష.
ఖాళీ 8 సెంటీమీటర్లయితే, 3 మీటర్ల పట్‌తో సమానం.
ఖాళీ 6 సెంటీమీటర్లయితే, 6 మీటర్ల పట్‌తో సమానం.

8 సెంటీమీటర్ల లెక్క చూడండి. 80 నుంచి 42.7 తీసేస్తే 37.3. దాన్ని రెండు పక్కలకూ పంచితే 18.65 మిల్లీమీటర్లు. ఒక మీటరు దూరంలో ఒక డిగ్రీ అంటే సుమారు 17.5 మిల్లీమీటర్లు. కాబట్టి ఒక డిగ్రీకి కాస్త ఎక్కువ తప్పును మాత్రమే ఈ ద్వారం సహిస్తుంది.

ఒక్కో పట్టర్‌తో 20 బంతులు కొట్టి, తాకకుండా దాటినవి ఎన్నో రాసుకోండి. ఉదాహరణకు పాత బ్లేడ్‌తో 11, స్నేహితుడి మాలెట్‌తో 15 దాటాయనుకుందాం. వెంటనే మాలెట్ గెలిచిందని తీర్పు చెప్పకూడదు. రెండోసారి కొట్టేసరికి చెయ్యి వేడెక్కి ఉండవచ్చు. మర్నాడు వరుస మార్చి, ముందు మాలెట్, తరువాత బ్లేడ్ కొట్టండి. మూడు రోజులు చేసి మొత్తాలు చూడండి. మూడు రోజులూ ఒకటే పట్టర్ ముందుంటే అప్పుడు నమ్మవచ్చు.

ఇంకొక పరీక్ష: పట్టర్ ముఖానికి కాస్త సుద్దపొడి రాయండి. పది బంతులు కొట్టాక బంతి గుర్తులు ఎక్కడెక్కడ పడ్డాయో చూడండి. గుర్తులు మడమ నుంచి కొన దాకా చెల్లాచెదురుగా ఉంటే మాలెట్ మనకు నిజంగా సాయపడుతుంది. గుర్తులన్నీ నడిమధ్యే ఉండి కూడా బంతులు ద్వారం తప్పుతుంటే, మన లోపం గురి పెట్టడంలోనో, ముఖాన్ని తిప్పడంలోనో ఉంది. అప్పుడు తల సైజు కంటే దాని మీది గీతలూ, కొన వాలే తీరూ ముఖ్యం.

గీతల మాట వచ్చింది కాబట్టి: మాలెట్ తల వెడల్పు కావడం వల్ల దాని మీద గురి గీతలు పొడుగ్గా వేయవచ్చు. 2001లో ఒడిస్సీ సంస్థ తెచ్చిన టూ-బాల్ పట్టర్‌లో ముఖం వెనుక బంతి సైజులో రెండు తెల్లటి వృత్తాలు ఉంటాయి. అసలు బంతిని పెడితే మూడు బంతులు వరుసలో నిలిచినట్టు కనిపిస్తాయి. కొందరికి ఇది బాగా కలిసివస్తుంది. కొందరికి అన్ని గీతలు చూస్తే కళ్ళు తికమకపడతాయి. ఇదీ ద్వారం దగ్గరే తేలాలి.

8. పొడవు, బరువు: ఎదిగే పిల్లల సంగతి

పెద్దల పట్టర్లు ఎక్కువగా 33 నుంచి 35 అంగుళాల పొడవు ఉంటాయి. పొడుగు ఎక్కువైతే మోచేతులు పక్కలకు పొడుచుకొస్తాయి, తల కొన గాలిలోకి లేస్తుంది. నడుము నుంచి కొద్దిగా వంగి, చేతులను భుజాల నుంచి వదులుగా వేలాడదీసి, అరచేతులు కలిసిన చోట గ్రిప్ ఉందో లేదో చూడండి. పట్టర్ అడుగు నేలకు చదునుగా ఆనాలి. కళ్ళు బంతికి సరిగ్గా పైననో, కాస్త మనవైపునో ఉండాలి.

మనం ఏడాదికి కొన్ని అంగుళాలు ఎదిగే వయసులో ఉన్నాం. ఈ ఏడాది సరిపోయిన పొడవు వచ్చే ఏడాది సరిపోకపోవచ్చు. కాబట్టి మొదటి పట్టర్‌గా ఎవరో వాడి వదిలేసినది తీసుకోవడంలో చిన్నతనమేమీ లేదు. గ్రిప్ కాస్త కిందికి పట్టుకుంటే పొడుగు కర్ర కూడా కొన్నాళ్ళు పనికొస్తుంది. షాఫ్ట్ కోయించాలనుకుంటే ఒక జాగ్రత్త: కోశాక తల తేలికగా ఉన్నట్టు చేతికి అనిపిస్తుంది. అలవాటైన దూరాలు తప్పుతాయి. కోసింది మళ్ళీ అతకదు కాబట్టి, ముందు కొన్ని వారాలు కిందికి పట్టుకుని ఆడి చూడడం మంచిది. ఎడమచేతి వాటం వారు ముఖం తమ వైపుకు సరిపడేలా ఉన్న పట్టరే వెతుక్కోవాలి. కుడిచేతి మాలెట్‌ను తిప్పి ఆడలేం.

సొంత కర్రలు లేకుండా ఆట నేర్చుకుని పెద్దవారైన వాళ్ళు ఢిల్లీలోనే ఉన్నారు. అలీ షేర్ ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో కాడీగా, అంటే ఆటగాళ్ళ సంచి మోసే పనిలో మొదలై, 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఆ పోటీ గెలిచిన తొలి భారతీయ ప్రొఫెషనల్ ఆయనే. 1993లో మళ్ళీ గెలిచాడు. పట్టర్ ఖరీదు ఆటను నిర్ణయించదని ఆయన కథ చెబుతుంది.

9. బదిలీ అయినా మారనిది

ఢిల్లీ చలికాలపు ఉదయం గ్రీన్ మీద మంచు నీళ్ళు ఉంటాయి. బంతి బరువుగా, నెమ్మదిగా దొర్లుతుంది. వెచ్చటి ఊళ్ళలో ఎక్కువగా పెంచే బెర్ముడా గడ్డి ఇక్కడి చలికి ఎదుగుదల తగ్గి గోధుమ రంగుకు మారుతుంది. ఎండ ఎక్కేసరికి అదే గ్రీన్ వేగం మారిపోతుంది. అదే విశాఖ తీరంలో గాలి, తేమ వేరు. హైదరాబాదులో నేల వేరు. ఊరు మారితే దూరాల అంచనా మళ్ళీ నేర్చుకోవలసిందే. కానీ మన ఊపు ఆకారం ఊరితో మారదు.

మంచు పడిన ఉదయం ఒక లాభం కూడా ఉంది. బంతి దొర్లిన దారి తడి గడ్డి మీద గీతలా కనిపిస్తుంది. మొదటి మీటరు గీత మనం గురిపెట్టిన వైపే ఉందా లేదా చూసుకోవచ్చు. గ్రీన్ తెరిచాక, అక్కడి వారి అనుమతితోనే ఇది చేయాలి.

నాన్నగారి ఉద్యోగానికి సర్వీసు పుస్తకం ఉన్నట్టే, మన పట్టింగ్‌కు కూడా నోటుపుస్తకంలో ఒక పేజీ కేటాయించుకుందాం. అందులో రాయవలసినవి: తేదీ, మన ఎత్తు, ఊపు రకం, పట్టర్ పొడవు, వేలి పరీక్షలో కొన ఎంత వాలింది, సుద్ద గుర్తులు ఎక్కడ పడ్డాయి, ద్వారం పరీక్షలో 20కి ఎన్ని. సామాను లారీలో కర్ర విరిగినా, కొత్త ఊళ్ళో పాత కోచ్ లేకపోయినా, ఈ పేజీ చూసి మనకు సరిపడే పట్టర్‌ను మనమే మళ్ళీ ఎంచుకోగలం. ఆరు నెలలకోసారి కొలతలు తిరిగి రాసుకుంటే చాలు.

గుర్తుంచుకుందాం

మాలెట్ అంటే పెద్ద తల మాత్రమే కాదు, బరువును దూరంగా పంచిన తల.
మాలెట్‌లన్నీ ఒకే రకం కావు. వేలి పరీక్షతో స్వభావం తెలుసుకోవాలి.
సూటి ఊపుకు సమతూకం, వంపు ఊపుకు కొన వాలు: ఇది మొదటి అంచనా.
చివరి తీర్పు ద్వారం పరీక్షదే, ప్రకటనది కాదు.

అభ్యాసం

1. కావడి ఉదాహరణతో జడత్వ భ్రామకాన్ని మీ మాటల్లో వివరించండి.
2. 150 గ్రాముల బరువులు రెండు మధ్య నుంచి చెరో 4 సెంటీమీటర్ల దూరంలో ఉంటే జడత్వ భ్రామకం ఎంత? (జవాబు: 4800 గ్రాము-చదరపు సెంటీమీటర్లు)
3. రెండు మీటర్ల దూరం నుంచి కొట్టే పట్‌కు దిశలో ఎన్ని డిగ్రీల వెసులుబాటు ఉంటుంది? (జవాబు: ఇటూ అటూ సుమారు ఒకటిన్నర డిగ్రీలు)
4. ఇద్దరు స్నేహితుల ఊపులను వీడియో తీసి, ఎవరికి ఏ పట్టర్ తగుతుందో కారణాలతో రాయండి. తరువాత ద్వారం పరీక్ష పెట్టి, మీ అంచనా నిలిచిందో లేదో సరిచూడండి.